చెక్క చక్రంతో జెట్ ఇంజిన్

ఇంటి వర్క్‌షాపులో ప్లైవుడ్డు, రేకు, పట్టకారుతో ఒక జర్మన్ చేసిన ఇంజిన్ మోడల్ విమానాల తీరునే మార్చేసింది. దాని వెనక ఉన్న లెక్కలు మన లేత్ షెడ్లకూ, మన కాలేజీలకూ బాగా దగ్గరివి.

జెట్ ఇంజిన్ అనగానే విమానం రెక్క కింద వేలాడే పెద్ద డొల్ల గుర్తొస్తుంది. మనిషి లోపల నిలబడగలిగేంత పెద్దది. అలాంటివి తయారుచేసే కంపెనీలు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సొంతంగా యుద్ధ విమానపు ఇంజిన్ చేసుకోవాలని మన దేశం దశాబ్దాలుగా శ్రమిస్తోంది. అదే సూత్రం మీద నడిచే ఇంజిన్‌ని కుర్ట్ ష్రెక్లింగ్ అనే జర్మన్ సొంత పనిముట్లతో చేసుకున్నాడు. 1980ల చివర్లో మొదలుపెట్టి ఒకటి తర్వాత ఒకటిగా మెరుగుపరుస్తూ వచ్చిన ఆ ఇంజిన్లలో బాగా పేరొచ్చింది ఎఫ్‌డీ3/64. జానెడు కంటే కొంచెం పొడవు. బరువు ముప్పావు కిలో అటూఇటూ. వెనక్కి చిమ్మే గాలితో అది ఇచ్చే తోపు రెండున్నర నుంచి మూడు కిలోలు. ఓ మోస్తరు మోడల్ విమానం నింగికెగరడానికి ఆ మాత్రం చాలు.

గాలిని లోపలికి లాగి అదిమే చక్రాన్ని ఆయన ప్లైవుడ్డుతో చేశాడు. దాన్ని తిప్పే టర్బైన్‌కి వేడిని తట్టుకునే ఉక్కు రేకు తెచ్చి, గుండ్రంగా కోసి, అంచు నుంచి గాట్లు పెట్టి, ఒక్కో రెక్కనూ పట్టకారుతో మెలితిప్పి, ఆకురాయితో నునుపు చేశాడు. అంతటితో ఆగలేదు. కొలతలూ లెక్కలూ డ్రాయింగులూ అన్నీ పుస్తకంగా వేశాడు. 1990ల తొలి సంవత్సరాల్లో ఆ పుస్తకం జర్మన్‌లోనూ ఆ తర్వాత ఇంగ్లిష్‌లోనూ రాగానే, చిన్న లేతూ కాస్త ఓపికా ఉన్న మోడలర్లు ఎక్కడెక్కడివారో తమ షెడ్లలో జెట్ ఇంజిన్లు చేయడం మొదలుపెట్టారు. అంతకుముందు కూడా ప్రయత్నాలు జరగలేదని కాదు. 1980ల తొలినాళ్లలోనే ఇంగ్లండ్‌లో చిన్న టర్బైన్‌తో మోడల్ విమానాన్ని ఎగరేశారు. అయితే అందరి చేతికీ అందేలా చేసింది మాత్రం ఈ చెక్క చక్రమే.

ఈ కథలో నన్ను కట్టిపడేసింది ఆ చెక్క కన్నా, ఆ చెక్క సరిపోతుందని తేల్చిన లెక్క.

గీయడం తేలిక, తిరగడం కష్టం

కాగితం మీద చూస్తే ఇంత సులువైన ఇంజిన్ ఇంకోటి లేదు. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. తిరిగేది ఒకే ఒక్క భాగం. ఒక ఇరుసు, దానికి ముందు కొసన కంప్రెసర్ చక్రం, వెనక కొసన టర్బైన్ చక్రం. ముందు చక్రం గాలిని అదుముతుంది. ఆ గాలిలో ఇంధనం మండుతుంది. వేడెక్కి వ్యాకోచించిన వాయువు టర్బైన్‌ని తిప్పి, మిగిలిన ఊపుతో వెనక్కి దూసుకుపోతుంది. టర్బైన్ తిరిగితే అదే ఇరుసు మీదున్న కంప్రెసరూ తిరుగుతుంది.

చిక్కంతా ఆ 'మిగిలిన' దగ్గరే ఉంది. గాలిని అదమడానికి విపరీతమైన శక్తి కావాలి. కంప్రెసర్‌లో కొంత వృథా, టర్బైన్‌లో కొంత వృథా. రెండు వృథాలూ కలిస్తే మిగులు కాస్తా సున్నా అయిపోతుంది. అప్పుడు ఇంజిన్ తనంతట తాను తిరగలేదు. బయటి మోటారు తిప్పినంతసేపు తిరిగి, వదలగానే ఆగిపోతుంది. గ్యాస్ టర్బైన్ ఊహ చాలా పాతదే అయినా, తనను తాను తిప్పుకుని పైన ఇంకొంత శక్తి ఇచ్చిన మొదటి యంత్రం 1903లో గానీ రాలేదు. నార్వే ఇంజినీరు ఎగిడియస్ ఎలింగ్ చేసిన ఆ యంత్రంలో అన్నీ పోగా మిగిలింది 11 అశ్వశక్తి.

చిన్న ఇంజిన్‌లో ఈ వృథా ఇంకా ఎక్కువ. రెక్కల కొసకీ గోడకీ మధ్య సందు పెద్ద ఇంజిన్‌లో ఒక మిల్లీమీటరున్నా పెద్దగా నష్టం లేదు. అరంగుళం ఎత్తున్న రెక్క దగ్గర అదే సందు ఉంటే గాలంతా పక్కనుంచి జారిపోతుంది. అందుకే చిన్న ఇంజిన్‌లో ఆ సందుని మిల్లీమీటరులో పదో వంతుల్లో పట్టుకోవాలి.

గ్యారేజీలో పుట్టిన జెట్

ఇంట్లో జెట్ ఇంజిన్ చేయడమంటే ఇప్పటి వేలంవెర్రి అనుకుంటారు గానీ, అసలు జెట్ ఇంజిన్ మొదట రూపం దిద్దుకున్నదే ఒక కార్ల గ్యారేజీలో. 1930ల మధ్యలో గోటింగెన్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం చదువుతున్న హన్స్ ఫాన్ ఓహైన్‌కి ఊహ ఉంది, లెక్కలున్నాయి, చేతి పని లేదు. తన కారు బాగుచేయించే గ్యారేజీలో మ్యాక్స్ హాన్ అనే మెకానిక్‌ని పట్టుకున్నాడు. డ్రాయింగులు చూసి, తయారీకి వీలుగా వాటిని సులువు చేసి, సుమారు వెయ్యి మార్కుల ఖర్చులో నమూనా చేసిపెట్టినవాడు ఆ మెకానిక్కే.

అది తనంతట తాను తిరగలేదు. పెట్రోలు దహన గదిలో పూర్తిగా మండక, మంట టర్బైన్‌ని దాటి వెనక నుంచి బయటికొచ్చింది. అయినా దాన్ని తిప్పుతున్న మోటారు మీద భారం తగ్గిందన్నది ఓహైన్ గమనించాడు. దారి తప్పలేదని అర్థమైంది. విమానాల తయారీదారు ఎర్నెస్ట్ హైన్‌కెల్ 1936లో ఓహైన్‌నీ హాన్‌నీ ఇద్దరినీ పనిలోకి తీసుకున్నాడు. మంట సమస్యను కాసేపు పక్కనబెట్టి, ఇట్టే మండిపోయే హైడ్రోజన్‌తో 1937లో ఇంజిన్‌ని నడిపించారు. తర్వాత ద్రవ ఇంధనానికి మారారు. 1939 ఆగస్టు 27న హైన్‌కెల్ హెచ్ఈ 178 ఎగిరింది. టర్బోజెట్‌తో నింగికెగిరిన మొదటి విమానం అదే.

ఓహైన్ పేరు తెలిసినవాళ్లలో కూడా మ్యాక్స్ హాన్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఇది అన్యాయం. రేకును వంచడం, అతకడం తెలిసిన చెయ్యి లేకపోతే ఆ సిద్ధాంతం కాగితం దాటేది కాదు.

ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ విటిల్ పడిన పాట్లు వేరు. 1930 జనవరిలో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన ఆ యువ వైమానిక దళ అధికారి దగ్గర, 1935లో దాన్ని పునరుద్ధరించడానికి 5 పౌండ్లు లేకపోయాయి. పేటెంటు పోయింది. 1937 ఏప్రిల్ 12న ఆయన ఇంజిన్ మొదటిసారి నడిచింది. ఆ తొలి పరీక్షల్లోనే ఇంధనం వాల్వు మూసేశాక కూడా ఇంజిన్ వేగం తగ్గకపోగా కీచుమంటూ పెరుగుతూ పోయింది. చుట్టూ ఉన్నవాళ్లు పరుగెత్తారు. విటిల్ ఉన్నచోటే బిగుసుకుపోయాడు. ముందే కారిన ఇంధనం ఇంజిన్ అడుగున మడుగు కట్టి, అది మండుతున్నంతసేపూ వేగం పెరిగింది. అడుగున చేరిన ఇంధనం ఈరోజు ఇంటి షెడ్డులో ఇంజిన్ చేసేవాళ్లకీ మొదటి శత్రువే.

చెక్క ఎందుకు పగల్లేదు

వేగంగా తిరిగే చక్రాన్ని చీల్చేది దాని సొంత బరువే. అంచున ఉన్న ప్రతి రేణువూ బయటికి పారిపోవాలని చూస్తుంది, లోపలున్న పదార్థం దాన్ని పట్టి ఉంచాలి. ఆ లాగుడు రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి, అంచు వేగం వర్గం. రెండోది, పదార్థపు సాంద్రత. ఉక్కు గట్టిది, కానీ బరువు. దాని గట్టిదనంలో చాలా భాగం దాని బరువును మోయడానికే సరిపోతుంది. ప్లైవుడ్డు ఉక్కంత గట్టిది కాదు. కానీ సాంద్రతలో ఉక్కుకి పదో వంతు దగ్గర్లో ఉంటుంది. కాబట్టి దాన్ని చీల్చే బలమూ ఆ మేరకు తక్కువే. ఇక కంప్రెసర్ ఉండేది ఇంజిన్‌లో చల్లగా ఉండే కొసన. అక్కడ చెక్క మాడదు.

ష్రెక్లింగ్ ప్లైవుడ్డు బిళ్లల్లో గాళ్లు కోసి, వెనక్కి వంగిన సన్నటి రెక్కలు అతికించి, పైన మరో బిళ్లతో మూసి, చుట్టూ కార్బన్ ఫైబర్ దారాన్ని ఎపాక్సీలో ముంచి చుట్టాడు. ఆ దారం నడికట్టులా చక్రాన్ని బిగించి పట్టింది. నిమిషానికి 75 వేల చుట్లు దాటినా అది నిలిచింది.

టర్బైన్ దగ్గర కూడా ఇదే పద్ధతి. పెద్ద ఇంజిన్లలో టర్బైన్‌కి తగిలే వేడి ఎంత పెంచితే అంత లాభం. అందుకే ఖరీదైన మిశ్రలోహాలు, రెక్కల లోపల చల్లటి గాలి దారులు. ష్రెక్లింగ్ ఆ పోటీలోకి దిగలేదు. వేడి తక్కువుంచాడు, వేగం తక్కువుంచాడు, తన చేతిలో ఉన్న రేకు తట్టుకునేంతే అడిగాడు. ఎంత తక్కువతో ఇంజిన్ తనంతట తాను నిలబడగలదో ముందు లెక్క తేల్చుకుని, ఆ గీత మీదే కట్టాడు. ఇంజినీరింగ్ అంటే నాకు అర్థమైంది ఇదే: ఉన్న పదార్థం ఎంతవరకు మోస్తుందో కచ్చితంగా తెలుసుకుని, అక్కడికి ఆగడం.

ఒక గ్రాము, అయిదు క్వింటాళ్లు

తర్వాతి అడుగు థామస్ కాంప్స్ అనే మరో జర్మన్ మోడలర్‌ది. చెక్క చక్రం బదులు కార్లు, లారీల టర్బోచార్జర్లలో వాడే అల్యూమినియం కంప్రెసర్ చక్రాన్ని తీసుకున్నాడు. అది కర్మాగారంలో పోతపోసి, సరిచూసి, ఏ లోపమూ లేకుండా వచ్చే వస్తువు. దుకాణంలో దొరుకుతుంది. అలాంటి చక్రంతోనే వచ్చిన కేజే-66 ఇంటి ఇంజిన్లలో అందరూ నమూనాగా తీసుకునేదైపోయింది. 66 అంటే మిల్లీమీటర్లలో చక్రం వ్యాసం. బయటి డొల్లకి చాలామంది వాడింది క్యాంపింగ్ స్టవ్వుకు పెట్టే గ్యాసు ఖాళీ డబ్బా. కిలో లోపు బరువున్న ఈ ఇంజిన్ ఇచ్చే తోపు ఏడున్నర కిలోల పైమాటే.

దాని అంకెలు ఒకసారి చూడండి. ఇరుసు నిమిషానికి 1,15,000 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 1,900 పైచిలుకు. చక్రం అంచు సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో పోతుంటుంది. శబ్దం కూడా అంత వేగంగా పోలేదు. ఆ అంచున ఒక గ్రాము పదార్థం ఉంటే, అది బయటికి లాగే బలం అయిదు క్వింటాళ్లకు సరిసమానం. కంప్రెసర్‌ని తిప్పడానికి టర్బైన్ అందించే శక్తి 20 కిలోవాట్లు దాటుతుంది. చిన్న ట్రాక్టర్‌ని నడిపే శక్తి, వేలెడంత ఇరుసు మీదుగా పోతోందన్నమాట.

ఇప్పుడు సమతూకం సంగతి. ఆ అంచున ఒక పక్క గ్రాములో నూరో వంతు బరువు ఎక్కువైందనుకోండి. అయిదు కిలోల దెబ్బ, సెకనుకు 1,900 సార్లు, దిక్కు మారుస్తూ బేరింగులకు తగులుతుంది. నిమిషాల్లో బేరింగు పోతుంది. చక్రం గోడకి రాసుకుంటుంది. ఆ తర్వాత జరిగేదాన్ని చూడాలని ఎవరూ కోరుకోరు. అందుకే మొదట కత్తి అంచుల్లాంటి పట్టాల మీద ఇరుసును దొర్లించి బరువైన వైపు కనిపెట్టడం, తర్వాత మెత్తటి ఆధారం మీద తిప్పి, కంపనాన్ని సెన్సర్‌తో పట్టి ఆసిలోస్కోపులో చూడటం, ఆకురాయితో ఒక్క రుద్దు రుద్ది మళ్లీ తిప్పడం. ఇంజిన్ కట్టడంలో అందరూ అసహ్యించుకునే పనీ, అన్నిటికంటే విలువైన పనీ ఇదే. దీన్ని తొందరపెట్టినవాడి ఇంజిన్ ఎక్కువ కాలం బతకదు.

బేరింగు కొలత 8 మిల్లీమీటర్ల లోవ్యాసం, 22 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 7 మిల్లీమీటర్ల మందం. పిల్లల స్కేటింగ్ చక్రాల్లోనూ ఇదే కొలత బేరింగు ఉంటుంది. కొలత ఒకటే గానీ సరుకు వేరు. ఇందులో గుళ్లు సిలికాన్ నైట్రైడ్ అనే పింగాణీ జాతి పదార్థంవి. ఉక్కు గుళ్లకంటే తేలిక కాబట్టి బయటి గాడి మీద భారం తగ్గుతుంది. నూనె కోసం వేరే పంపు అక్కర్లేదు. కిరోసిన్‌లోనే నూటికి అయిదు వంతుల టర్బైన్ ఆయిల్ కలిపి, అందులోంచి ఒక సన్నటి గొట్టం ద్వారా బేరింగులకు చుక్కలు పంపుతారు. వెనక ఒక స్ప్రింగు బేరింగుని ఎప్పుడూ కొద్దిగా తోస్తుంటుంది. లేకపోతే గుళ్లు దొర్లడం మాని జారతాయి, జారితే అరిగిపోతాయి.

మంటకు ఇల్లు కట్టడం

ఓహైన్‌ని ఏడిపించిన మంటే అందరినీ ఏడిపిస్తుంది. దహన గది అరచేతిలో పట్టేంత. అందులోంచి సెకనుకు పావు కిలోకి కాస్త తక్కువ గాలి దూసుకుపోతుంది. పదడుగుల గదిలోని గాలినంతా ఈ ఇంజిన్ రెండున్నర నిమిషాల్లో మింగేస్తుంది. అంత హోరుగాలిలో మంట ఆరకుండా ఉండాలి, కిరోసిన్ ఆవిరై గాలిలో కలిసి పూర్తిగా మండాలి, అదంతా కొద్ది మిల్లీసెకన్లలో అయిపోవాలి. కాకపోతే మంట టర్బైన్‌ని తాకుతుంది.

ఉపాయం రేకు గొట్టానికి పెట్టే చిల్లుల్లో ఉంది. వచ్చిన గాలిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే మండటానికి కావాలి. మిగతా మూడు వంతులు చల్లబరచడానికి. ముందువైపు చిన్న చిల్లుల గుండా కొద్ది గాలిని పంపి, అక్కడ మంట ప్రశాంతంగా కాపురం పెట్టేలా చేస్తారు. వెనక పెద్ద చిల్లుల గుండా మిగతా గాలిని వదిలి, టర్బైన్ తట్టుకునేంతకు వేడిని దించుతారు. కిరోసిన్‌ని ఆవిరి చేయడానికి సన్నటి స్టీలు గొట్టాలను ఆ మంటలోనే ఉంచుతారు. ష్రెక్లింగ్ పొడుగాటి గొట్టాన్ని చుట్టలా వంచి పెట్టాడు. కేజే-66లో పొట్టి పుల్లల్లాంటి గొట్టాలు ఆరు. వాటిలోకి ఇంధనమూ గాలీ కలిసి వెళ్లి, ఆవిరై, మంట మొదలయ్యే చోటికే తిరిగి వస్తాయి.

చిల్లుల కొలతలు పుస్తకంలో ఉన్నా, ఒక చిల్లు అర మిల్లీమీటరు పెద్దదైతే టర్బైన్ దగ్గర ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క నల్లగా కనబడుతుంది. అప్పుడు రేకు మళ్లీ కోయాలి.

ఇక్కడ మన ఎండల మాట చెప్పాలి. ఈ డ్రాయింగులన్నీ యూరప్ చలిగాలిని లెక్కలో పెట్టుకుని గీసినవి. 15 డిగ్రీల గాలితో పోలిస్తే మే నెల రెంటచింతలలో 45 డిగ్రీల గాలి దాదాపు పదో వంతు పలచన. తోపు ఆ మేరకు, నిజానికి ఇంకొంచెం ఎక్కువే తగ్గుతుంది. వేడిగాలిని అదమడానికి ఎక్కువ శక్తి కావాలి కాబట్టి ఎక్కువ ఇంధనం పోయాలి, పోస్తే టర్బైన్ మరింత వేడెక్కుతుంది. పుస్తకంలో రాసిన గరిష్ఠ వేగం కోసం మన వేసవిలో పట్టుబడితే రెక్కలు సాగి గోడను తాకుతాయి. ఇక్కడ చేసేవాళ్లు ముందుగా చూడాల్సింది చుట్ల మీటరు కన్నా, వెనక గొట్టంలో పెట్టిన ఉష్ణమాపకాన్ని.

వెలిగించే రోజు

ఒకప్పుడు స్టార్ట్ చేయడమంటే ముందు నుంచి బ్లోయర్‌తో గాలి కొట్టడం, కొద్దిగా ప్రొపేన్ గ్యాసు వదిలి గ్లో ప్లగ్‌తో అంటించడం. 'భుక్'మని మంట అంటుకున్న శబ్దం వినిపించాక, వేగం మెల్లగా పెంచుతూ కిరోసిన్‌ని చుక్కచుక్కగా కలపడం. 30 వేల చుట్ల పైబడ్డాక ఎక్కడో ఒకచోట ఇంజిన్ బ్లోయర్ సాయం వదిలేసి తనంతట తాను వేగం పుంజుకుంటుంది. ఆ క్షణంలో ఆ ఈల గొంతు మారడం విన్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోరు. ఇప్పుడైతే ముందు అమర్చిన చిన్న మోటారు, ఒక ఎలక్ట్రానిక్ పెట్టె ఈ పనంతా చేసిపెడతాయి.

తొందరపడి మంట అంటకముందే కిరోసిన్ వదిలితే అది డొల్ల అడుగున చేరుతుంది. తర్వాత అంటుకుంటే విటిల్ చూసిన దృశ్యమే చిన్న ఎత్తున, మూరెడు మంటతో. అప్పుడు చేయాల్సింది ఇంధనం ఆపి, గాలి కొడుతూనే ఉండటం. మంటలార్పే సిలిండరు కార్బన్ డయాక్సైడ్‌ది అయ్యుండాలి. పొడి చల్లేదైతే మంటతోపాటు ఇంజిన్నీ పోగొట్టుకుంటారు. చక్రాలు తిరిగే తలంలో, అంటే ఇంజిన్‌కి పక్కగా, ఎవరూ నిలబడకూడదు. చక్రం పగిలితే ముక్కలు పోయేది ఆ దిక్కుకే. కొత్త చక్రాన్ని మొదట మందపాటి ఉక్కు కవచంలో గానీ గోతిలో గానీ పెట్టి పూర్తి వేగం దాటించి చూశాకే ఇంజిన్‌లో వాడాలి. ఈ జాగ్రత్తలు విసుగనిపించేవాళ్లు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. మూసిన గదిలో, పిల్లల మధ్య, చూసేవాళ్ల మెప్పు కోసం వెలిగించే వస్తువు కాదిది.

దాహమూ ఎక్కువే. పూర్తి వేగంలో నిమిషానికి పావు లీటరు పైనే తాగుతుంది. అందుకే మోడల్ జెట్లు గాలిలో ఉండేది పది నిమిషాల లోపే.

అంత తక్కువసేపే ఎగిరినా, వీటితో మనుషులు సముద్రం కూడా దాటారు. మోడల్ విమానాల కోసం పుట్టిన ఈ జాతి ఇంజిన్లు నాలుగింటిని రెక్కకు కట్టుకుని, స్విట్జర్లాండ్ పైలట్ ఇవ్ రోసీ 2008 సెప్టెంబర్ 26న ఫ్రాన్స్‌లోని కాలే నుంచి ఇంగ్లండ్‌లోని డోవర్‌కి ఇంగ్లిష్ చానల్ మీదుగా ఎగిరాడు. 2019 ఆగస్టు 4న ఫ్రాంకీ జపాటా అనే ఫ్రెంచి వ్యక్తి చిన్న టర్బైన్లున్న పలక మీద నిలబడి, నడిమధ్య పడవ మీద ఇంధనం నింపుకుని, అదే సముద్రాన్ని దాటాడు.

మన ఊళ్లో దొరికేవి

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిశ్రధాతు నిగమ్ ఉంది. జెట్ ఇంజిన్లకు కావాల్సిన నికెల్ మిశ్రలోహాలు, టైటానియం అక్కడ కరుగుతాయి. దానికి దగ్గర్లోనే రక్షణ లోహ పరిశోధనశాల. లోహమంతా ఒకే స్ఫటికంగా గడ్డకట్టేలా టర్బైన్ రెక్కలు పోతపోసే విద్యను సాధించి, హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 రెక్కలను 2021లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కి అందించారు. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, దాని చుట్టూ లెక్కలేనన్ని లేత్ షెడ్లు. జెట్ ఇంజిన్‌కి కావాల్సిన లోహమూ, విద్యా, చెయ్యీ మూడూ ఒకే ఊళ్లో ఉన్నాయి.

లేనిదల్లా వాటి మధ్య రాకపోకలు. మెకానికల్ చదివే పిల్లలు గ్యాస్ టర్బైన్ నడిచే సూత్రమైన బ్రేటన్ సైకిల్ లెక్కలు పరీక్షలో చకచకా చేస్తారు. ఫైనలియర్ ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి చాలాచోట్ల బయట కొన్న మోడల్, ఎవరో రాసిన రిపోర్టు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. నాలుగేళ్లు చదివి, ఒక్క ఇరుసునీ సమతూకం చేయకుండా బయటికి వచ్చిన మెకానికల్ ఇంజినీరు ఏం పోగొట్టుకున్నాడో అతనికే తెలియదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు కేజే-66 దాకా ఒక్కసారే వెళ్లక్కర్లేదు. లారీ నుంచి తీసిన పాత టర్బోచార్జర్ ఉంటే కంప్రెసర్, టర్బైన్, ఇరుసు, బేరింగులు అన్నీ ఒక్కచోటే సరిచేసి బిగించి ఉన్నట్టు లెక్క. పక్కన దహన గది ఒక్కటి కట్టుకుంటే చాలు. బరువెక్కువ, ఎగరదు. కానీ మంటను అదుపులో పెట్టడమంటే ఏమిటో, ఇంజిన్ తనంతట తాను నిలబడటమంటే ఏమిటో అది నేర్పుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల టర్బోలు విప్పి బిగించేవాళ్లున్నారు. టర్బోలను పూర్తిగా బాగుచేసే షాపుల్లో ఇరుసుని సమతూకం చేసే మిషన్లూ ఉంటాయి. ఆ మిషన్ ముందు కూర్చునే మెకానిక్‌కి ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులు తెలుసు. ఏ శబ్దం వస్తే ఏ వైపు గీకాలో, ఎక్కడ గీకితే చక్రం బలహీనమవుతుందో, అరిగిన బేరింగు చేతికి ఎలా తగులుతుందో. పాత టర్బో ఒకటి చంకన పెట్టుకుని విద్యార్థులు ముందు వెళ్లాల్సింది ఆయన దగ్గరికి. ప్రాజెక్టు గైడుగా ప్రొఫెసర్ పేరు రాసే కాగితం మీద ఆయన పేరు కూడా రాయాలి.